మారుగంట

మొన్న ఆదివారం మా మేనల్లుడు తన కొత్త డ్రోను చూపిస్తానని నన్నూ, వాళ్ళ నాన్ననూ పాత క్వార్టర్ల వెనక మైదానానికి లాక్కుపోయాడు. వాళ్ళ నాన్నంటే మా అన్న. డ్రోను జుమ్మని లేచి, సర్కారు తుమ్మల మీదుగా వెళ్ళి కనిపించకుండా పోయింది. "ఒరేయ్, పోయిందిరా!" అని అరిచాను. వాడు రిమోటు పక్కన పెట్టి చిప్స్ పొట్లం విప్పుకుంటూ, "ఏం కాదత్తా. సిగ్నల్ పోతే అదే వాపస్ వస్తది" అన్నాడు. నిజంగానే కాసేపటికి వచ్చి, ఎక్కడ లేచిందో అక్కడే బుద్ధిగా వాలింది. వాడు దానివైపు తలెత్తి చూడను కూడా లేదు.

అన్న మాత్రం డ్రోనును చూడటం లేదు. ఎదురుగా ఎండిపోయి పల్లేరు కాయలు మొలిచిన గుంటను చూస్తున్నాడు.

"ఇక్కడనే గదనే మన పడవ?" అన్నాడు.

అవును, అక్కడే. ఇప్పుడంటే గని మూతపడి, పంపులు ఆగి, అందులో చుక్క నీరు లేదు గానీ, మా చిన్నప్పుడు ఆ గుంట నిండుగా ఉండేది. గని లోపల ఊరే నీళ్ళను పంపులతో పైకి తోడి అందులో వదిలేవాళ్ళు. చలికాలం పొద్దున ఆ నీళ్ళు గోరువెచ్చగా ఉండేవి. అగ్గిపుల్ల గీసినప్పుడు వచ్చే వాసన వచ్చేది. అమ్మ బట్టలు అక్కడే ఉతికేది. తెల్ల చొక్కాలన్నీ పసుపు రంగుకు తిరిగేవి. మా కార్మికుల క్వార్టర్ల లైన్ల పిల్లలందరం బడికి అదే రంగు చొక్కాలతో వెళ్ళేవాళ్ళం కాబట్టి, తెల్ల చొక్కా వేసుకున్న పిల్లవాడు కనిపిస్తే వాడిది ఆఫీసర్ల కాలనీ అని దూరం నుంచే చెప్పేసేవాళ్ళం.

సాయంత్రమైతే ప్రతి ఇంటి ముందూ బొగ్గుల పొయ్యి. పొగ లైన్ల మీద దుప్పటిలా కప్పుకునేది. ఆ పొగలోనే పప్పు వాసన, ఎండుచేపల వాసన, షిఫ్ట్ దిగొచ్చిన మగవాళ్ళు రుద్దుకునే సబ్బు వాసన. ఇప్పుడు ఎక్కడైనా బొగ్గు పొగ తగిలితే నాకు దగ్గు రాదు, ఆకలేస్తుంది.

మా బాపు గనిలో హాలర్ డ్రైవరు. అంటే బొగ్గు నింపిన టబ్బుల్ని ఇనుప తాడుతో పైకి లాగే ఇంజను నడిపేవాడు. నేను ఎనిమిదో తరగతి పరీక్షలు రాస్తున్న రోజుల్లో ఒకనాడు డ్యూటీలో ఆయన ఎడమ చెయ్యి పట్టు తప్పింది. పక్షవాతం తాకి పోయిందన్నారు దవాఖానాలో. ఎడమ కాలు మళ్ళీ స్వాధీనంలోకి వచ్చింది. చెయ్యి సగమే వచ్చింది. ఎడమ కన్ను మసకబారింది. ఆ వేసవంతా బాపు సిక్కులో, అంటే జబ్బు సెలవులో ఉండి, వాకిట్లో నులక మంచం మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్ళను చూస్తూ గడిపాడు. అలవాటు లేని పని కదా, మనిషికి విసుగు ఎక్కువైంది. కాకి అరిచినా కోపమే.

ఆ ఏడు శ్రీరామనవమికి భద్రాచలం పోయినప్పుడు అమ్మ కళ్ళు మూసుకుని మొక్కిన మొక్కు నా చెవిన పడింది.

"రామయ్య తండ్రీ, ఎట్లన్న చేసి నా పెనిమిటిని అన్‌ఫిట్ చెయ్యి. నీకు తలనీలాలిస్త."

ఎక్కడైనా ఆడవాళ్ళు మొగుడి ఆరోగ్యం కోసం మొక్కుకుంటారు. మా లైన్లలో మాత్రం ఈ మొక్కు మామూలే. మెడికల్ బోర్డు మనిషిని చూసి పనికి పనికిరాడని రాస్తే, ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. కొంచెం బాగున్నాడు, తేలిక పని చేసుకోవచ్చు అని రాస్తే కొడుకు ఖాళీగా తిరగాలి. అందుకే ఎవరికైనా జబ్బు చేస్తే చుట్టాలు పరామర్శకు వచ్చి, గొంతు తగ్గించి, "బోర్డెప్పుడు?" అని అడిగేవాళ్ళు. అమ్మను నేను తప్పుపట్టలేను. ఆమెకు తెలిసిన భద్రత అదొక్కటే.

ఆమె అట్లా మొక్కుతుంటే, ఎవరి కోసం మొక్కుతుందో ఆ కొడుకు తీర్థంలో రిమోటు కారు బేరమాడుతున్నాడు. ఇంటర్ పరీక్షలు రాసి, ఇంజనీరింగ్ ఎంట్రెన్స్‌కు చదువుతున్న మనిషి!

"గడ్డాలు మొలుస్తున్నయి, కారు బొమ్మేందిరా నీకు?" అంది అమ్మ.

"చెల్లెకే" అన్నాడు.

నేను పొంగిపోయాను. బస్సు గోదావరి వంతెన దాటి పాల్వంచ చేరేలోపు ఆ కారు అన్న ఒళ్ళో ఎముకలన్నీ విడిపోయి పడి ఉంది. కొత్తగూడెం దాకా ఏడుస్తూనే వచ్చాను. అన్న దాన్ని పట్టించుకోలేదు. వాడికి కావలసింది కారు కాదు, అందులో ఉన్న చిన్న రేడియో ముక్క.

అన్న పడవ చెయ్యాలనుకున్నాడు. గోదావరి లాంచీ లాంటిది. అది ముందుకు పోవాలి, ఎడమకు తిరగాలి, కుడికి తిరగాలి, లైటు వెలగాలి, ఆగాలి. కానీ ఆ కారు రిమోటుకు ఉన్నది ఒకే ఒక్క మీట. ఒక్క మీటతో ఇన్ని పనులు ఎట్లా? వారం రోజులు అన్నం ముందు కూర్చుని కూరలో వేళ్ళు తిప్పుతూ ఉండేవాడు. తర్వాత ఒకరోజు మా ఇంటి కాలింగ్ బెల్లు మాయమైంది. ఇంకొక రోజు బాపు అలారం గడియారం లోపలి పళ్ళ చక్రం మాయమైంది.

వాడు చేసింది చెబితే తేలికే. పెయింటు డబ్బా ప్లాస్టిక్ మూతను గుండ్రంగా కోసి, దాని చుట్టూ ఇత్తడి డ్రాయింగ్ పిన్నులు గుచ్చాడు. మధ్యలో గడియారం చక్రం. చక్రానికి టార్చిలైటు రేకుతో ఒక ముల్లు. మీట నొక్కితే బెల్లులోని అయస్కాంతం చక్రాన్ని ఒక పన్ను ముందుకు గుంజుతుంది, ముల్లు పక్క పిన్ను మీదికి జరుగుతుంది. ఒక్కో పిన్నుకు ఒక్కో పని. నడక, ఎడమ, కుడి, లైటు, ఆగటం. మళ్ళీ మొదటికి.

చిక్కేమిటంటే, ఆ చక్రం ముందుకే తిరుగుతుంది, వెనక్కి రాదు. ఎడమకు తిరిగిన పడవ మళ్ళీ నేరుగా నడవాలంటే కుడికి తిరిగి, లైటు వేసి, ఆగి, అప్పుడు నడవాలి. కల్లు తాగిన మనిషి ఇంటికి నడిచినట్టు ఉండేది దాని నడక.

ఆ రోజుల్లోనే అమ్మమ్మ ములకలపల్లి అవతల అడవి ఊరి నుంచి వచ్చింది. మొర్రిపండ్లు, ఇప్పపువ్వు, గిరిజన సొసైటీకి అమ్మగా మిగిలిన తపసి చెట్టు బంక తెచ్చింది. ఇల్లంతా ఇప్పపువ్వు తీపి వాసన. దాని మీద అన్న పొయ్యిలో రాగి కడ్డీ కాల్చి తీగలు అతికిస్తుంటే వచ్చే సీసం వాసన. అన్న దగ్గర ఫెవికాల్ లాంటివేవీ మిగల్లేదు. చక్రాన్ని పడవలో నిలబెట్టడానికి అమ్మమ్మ బంక తీసుకున్నాడు.

"అది నీళ్ళు తాగితే ఉబ్బుతదిరా అయ్యా" అంది అమ్మమ్మ.

"నీళ్ళు తాగనియ్య అమ్మమ్మా" అని పైన కొవ్వొత్తి మైనం పోశాడు.

నూనె డబ్బాను అడ్డంగా కోసి పడవ, టేప్ రికార్డరు మోటార్లు, విరిగిన గొడుగు కమ్మి ఏరియల్. మొదటిసారి గుంటలో వదిలిన రోజు బాపు కూడా కర్ర పట్టుకుని వచ్చాడు. పడవ కొంచెం దూరం వెళ్ళింది. అన్న నొక్కాడు. ఎడమకు తిరగాల్సింది కుడికి తిరిగింది. మళ్ళీ నొక్కాడు. ఆగింది. చక్రం మధ్యమధ్యలో ఒక్కో పన్ను దాటేస్తోంది. ఇక వాడు ఏది నొక్కుతున్నాడో పడవకు తెలియదు, పడవ ఏ పిన్ను మీద ఉందో వాడికి తెలియదు. బట్టలుతికే ఆడవాళ్ళు నవ్వారు. అన్న చొక్కా విప్పి ఈదుకుంటూ వెళ్ళి తెచ్చాడు.

బాపు నవ్వలేదు. ఆ వేసవిలో ఆయన ముఖంలో కోపం కాక ఇంకేదైనా చూడటం అదే మొదలు.

"అరేయ్, నువ్వు చెప్తనే ఉన్నవు. అది ఇన్నదో లేదో నీకెట్ల తెలుస్తది?" అన్నాడు.

"ఎట్ల తెలుస్తది బాపూ, అది బొమ్మాయె."

"మరి నా ఇంజను రూములకెల్లి నాకు లోపటి మనుషులు కానొస్తరా? కానరారు. తాడు చీకట్లకు పోతది, అంతే. నేను గంట కొడ్త. కిందికెల్లి మారుగంట రావాలె. వస్తేనే తాడు కదిలిస్త."

"రాకుంటే?" అని నేను అడిగాను.

"రాకుంటే కూసుంట."

"ఎంతసేపు?"

"వచ్చేదాంక. పైనోళ్ళు తిడ్తరు, టబ్బులు ఆగినయంటరు. తిట్టనియ్యి. మారుగంట లేకుంట తాడు కదిలిస్తే పట్టాల మీద మనిషే ఉండొచ్చు. నా సర్వీసుల అట్ల ఒక్కనాడు కదిలియ్యలే బిడ్డా."

ఆయన పని గురించి ఆయన నోట అంత పొడుగు మాట నేను అంతకు ముందు వినలేదు. అన్న మాత్రం నిలబడ్డచోటే ఆలోచనలో పడ్డాడు. ఆ సాయంత్రమే పడవకు పుల్లతో స్తంభం నాటి, దాని కొనకు చిన్న ఎర్ర బల్బు పెట్టాడు. ముల్లు ఏ పిన్ను మీదికి జరిగినా బల్బు ఒకసారి వెలిగి ఆరుతుంది. అన్న నొక్కితే పడవ 'విన్నాను' అంటుందన్న మాట. మేము దానికి మారుగంట అనే పేరు పెట్టాం. బాపు రోజూ బక్కెట్లో పడవను పెట్టించి, మంచం మీద కూర్చుని కుడి చేత్తో మీట నొక్కి చూసేవాడు. బల్బు వెలిగితే, "ఆఁ, ఇన్నది" అనేవాడు. అట్లా ఒక్కోసారి పొయ్యి మీద పప్పు మాడే దాకా ముగ్గురం అక్కడే కూర్చునేవాళ్ళం. ఆ కొన్నాళ్ళు మా ఇంట్లో కోపాలు లేవు.

వానలు పడ్డాక అన్న ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళి, తిరిగొచ్చి గడప మీద కూర్చున్నాడు. ఖమ్మంలో ఎలక్ట్రానిక్స్ సీటు వచ్చింది. నాకు చెప్పాడు. "బాపుకు చెప్పు" అన్నాను. "చెప్త తియ్యి" అన్నాడు. కానీ మర్నాడే బోర్డు. అమ్మ ముఖం చూసి ఎవరం నోరు తెరవలేదు. ఆ రాత్రి ఆ మాట బాపు చెవిన వేసింది నేనే. ఆయన విని, చాలాసేపు తన ఎడమ చేతిని కుడి చేత్తో నిమురుకుంటూ ఉండిపోయాడు.

బోర్డు బాపును అన్‌ఫిట్ చేసింది.

ఆ రోజు మా ఇంట్లో పెళ్ళి సందడి. అమ్మ బూరెలు వండింది. లైన్లో వాళ్ళంతా వచ్చి బాపు భుజం తట్టి, "అదృష్టవంతుడివి పో" అన్నారు. ఇక ఏ పనికీ పనికిరావని రాసినందుకు ఆ మనిషి అందరికీ నవ్వుతూ బూరెలు పంచాడు. అన్నను చూసి, "ఇగ నీకేందిరా, రాజా!" అన్నారు. అన్నా నవ్వాడు. వాడికి ఇష్టమా అని ఎవరూ అడగలేదు. కాళ్ళ దగ్గరికి వచ్చిన ఉద్యోగాన్ని వద్దనే వాడు ఉంటాడని ఆ లైన్లలో ఎవరికీ తోచదు. పక్కింటి అబ్బాయి అట్లాంటి ఉద్యోగం కోసమే ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూ మా వాకిట్లో బూరె తింటున్నాడు. అతని ముందు అన్న ఏమని చెప్పగలడు? వాడు వద్దంటాడేమోనని చూశాను. అమ్మ సంతోషం చూస్తే, వాడు వద్దనకూడదనీ అనిపించింది. ఏం కోరుకోవాలో కూడా తెలియని వయసు నాది.

సాయంత్రం చుట్టాలు వెళ్ళాక బాపు, "పడవ పట్టుకరాండ్రి" అన్నాడు.

ముగ్గురం గుంట దగ్గరికి వెళ్ళాం. వాన వెలిసి మబ్బు అట్లాగే ఉంది. గట్టు మీద బాపు మధ్యలో కూర్చున్నాడు. ఆయన ఎడమ పక్క అన్న, కుడి పక్క నేను. పడవ బయలుదేరింది. అన్న నొక్కినప్పుడల్లా ఎర్ర బల్బు మినుక్కుమంటోంది. ఎడమకు తిరిగింది, మినుక్కు. కుడికి తిరిగింది, మినుక్కు. లైటు వేసింది. ఆగింది. మళ్ళీ నడిచింది. ఒక్క పన్ను కూడా తప్పలేదు. గుంట నడిమికి పోయింది. నేను చప్పట్లు కొట్టాను.

అన్న దాన్ని వెనక్కి తిప్పాలని నొక్కాడు. బల్బు వెలగలేదు.

మళ్ళీ నొక్కాడు. వెలగలేదు. మోటార్ల చప్పుడు ఆగిపోయింది. పడవ నీళ్ళ మీద ఊరికే నిలబడింది. అన్న గబగబా నొక్కబోతుంటే బాపు వాడి చెయ్యి మీద చెయ్యి వేశాడు.

"మారుగంట రాలే. ఇగ ముట్టకు. కూసో."

కూర్చున్నాం. అవతలి ఒడ్డున పంపు గొట్టం లోంచి నీళ్ళు దబదబా పడుతున్నాయి. చీకటి పడుతోంది. ఈదుకుంటూ పోదామంటే వాన నీళ్ళకు గుంట పొంగి ఉంది. నేను పడవ మీంచి కళ్ళు తిప్పలేదు. బల్బు ఎప్పుడు వెలుగుతుందా అని చూస్తున్నాను. అట్లా చూస్తుండగా బాపు గొంతు వినిపించింది. మెల్లగా, ముందుకే చూస్తూ అన్నాడు.

"అరేయ్, సీటొచ్చిందంట గద. చెల్లె చెప్పింది. నీకు ఈ నౌకరి ఇష్టమేనారా? వద్దంటే వద్దను. మీ అమ్మకు నేను చెప్పుకుంట."

అన్న పలకలేదు. బాపు ఆగాడు. పంపు నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. బాపు చాలాసేపు ఆగాడు. తర్వాత కర్ర ఊతంతో లేచి, "పాండ్రి, అమ్మ ఎదురుచూస్తది" అన్నాడు. పడవ నీళ్ళ మీదే ఉండిపోయింది.

మర్నాడు బాపు ఆఫీసుకు వెళ్ళి, తన ఉద్యోగం కొడుక్కి ఇయ్యమని సంతకం పెట్టి వచ్చాడు. కొన్నాళ్ళకు అన్న కొత్త బూట్లు, హెల్మెట్‌తో ఫస్ట్ షిఫ్ట్‌కు బయలుదేరాడు. అమ్మ టిఫిను కట్టి, కళ్ళొత్తుకుని, వాడు మలుపు తిరిగే దాకా చూసింది. ఆ నెలలోనే భద్రాచలం వెళ్ళి గుండు చేయించుకొచ్చింది. బట్టలుతికే ఆవిడ ఎవరో పడవ ఒడ్డుకు కొట్టుకొచ్చిందని తెచ్చిచ్చింది. నేను మూత తీసి చూశాను. అమ్మమ్మ చెప్పినట్టే బంక నీళ్ళు తాగి ఉబ్బి, పిన్నుల్నీ ముల్లునూ మింగేసింది. అన్నకు చూపిస్తే ఒకసారి చూసి, "అటక మీద పెట్టు" అన్నాడు. మళ్ళీ దాన్ని దించలేదు.

బాపు పోయే ముందటి వేసవిలో నేను పుట్టింటికి వచ్చి ఉన్నాను. మంచం పక్కన కూర్చుని మజ్జిగ తాగిస్తుంటే, ఆయన ఉన్నట్టుండి అన్నాడు.

"బిడ్డా, సర్వీసంతా మారుగంట లేకుంట తాడు ముట్టలే. ఒక్కసారే ముట్టిన. అదీ నా కొడుకు కాడ."

ఏ రోజు గురించి అంటున్నాడో నాకు తెలుసు. మజ్జిగ గ్లాసు మళ్ళీ ఆయన పెదవులకు ఆనించాను.

ఆ మాట నేను అన్నకు ఎప్పుడూ చెప్పలేదు. మొన్న ఆ ఎండిన గుంట ముందు నిలబడితే ఇక ఉండబట్టలేదు.

"అన్నా, ఆ రోజు ఇక్కడ బాపు అడిగితే నువ్వెందుకు పలకలే?"

అన్న నా వైపు తిరిగాడు. కనుబొమల్లో ఇప్పటికీ బొగ్గు నలుపు ఉంటుంది వాడికి, ఎంత కడిగినా పోదు.

"పలికిన గదనే."

"ఎప్పుడు? నేను పక్కనే ఉంటిని."

"నోరు పెగల్లే. తల అడ్డంగ ఊపిన, వద్దని. ఆయన పక్కకెల్లి చూసిండనుకున్న." కాలితో ఒక పల్లేరు కాయను పక్కకు నెట్టాడు. "చూసి గుడ సంతకం పెట్టిండనుకున్న. గట్లనే అనుకుంట ఇన్నేండ్లు ఆయన తోటి మాట్లాడిన."

చీకటి. ఎడమ పక్క. మసక కన్ను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు. బాపు చివరి వేసవిలో నాతో చెప్పిన మాట అన్నకు చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో, అదీ తెలియదు. వాడు విన్నాడు. ముఖం గుంట వైపు తిప్పుకుని, అరచేత్తో ఒకసారి కళ్ళు తుడుచుకున్నాడు. చెప్పవలసిన మనిషి ఇప్పుడు లేడు.

వెనక నుంచి పిల్లవాడు పిలిచాడు. "డాడీ, చీకటైతుంది. ఇంకొక్కసారి ఎగరెయ్యాల్నా?"

అన్న కదల్లేదు. పిల్లవాడు మీట మీద వేలు పెట్టి అట్లాగే చూస్తున్నాడు. "డాడీ?"

అన్న వాడి వైపు పూర్తిగా తిరిగాడు. తల ఊపలేదు. మైదానమంతా వినపడేటట్టు, "అవ్ బిడ్డా, ఎగరెయ్యి" అన్నాడు.